ఒక బండిలో గడువు దాటి, ఇంకో బండిలో కరువై: అంబులెన్సు మందుల లెక్క

అత్యవసర వైద్య సేవల మందుల గురించి రెండు రకాల వార్తలు వస్తుంటాయి. అంబులెన్సు వచ్చింది గానీ అందులో కావాల్సిన ఇంజెక్షన్ లేదన్నది ఒకటి. గడువు దాటిన మందుల్ని పెట్టెలకొద్దీ పారేశారన్నది రెండోది. ఎక్కువ కొంటే మొదటి బాధ పోతుందని, తక్కువ కొంటే రెండోది పోతుందని పైకి అనిపిస్తుంది. చిత్రమేమంటే ఒకే విభాగంలో, ఒకే నెలలో, ఒకే మందు విషయంలో ఈ రెండూ జరుగుతుంటాయి. ఎంత కొన్నారన్న దానికంటే, కొన్నది ఎన్ని చోట్లకు చెదిరిపోయి ఉందన్నదే ఇక్కడ అసలు చిక్కు.

ఆసుపత్రి ఫార్మసీలో 200 అడ్రినలిన్ యాంప్యూళ్లు (మందు నింపి మూసిన చిన్న గాజు గొట్టాలు) ఉంటే అవి ఒకే అల్మారాలో ఉంటాయి. ఏ వార్డు అడిగినా అందులోంచే వెళ్తాయి. అవే 200 యాంప్యూళ్లు 20 అంబులెన్సుల్లో పదేసి చొప్పున ఉన్నాయనుకోండి. ఒక బండిలో పదకొండోది కావాల్సి వచ్చిన క్షణాన మిగతా 190 ఉన్నా లేనట్టే. పైగా ఈ అల్మారాలు రోడ్ల మీద తిరుగుతాయి, ఎండలో నిలబడతాయి, డ్యూటీ మారినప్పుడల్లా చేతులు మారతాయి.

ముందు తెలియాల్సిన నాలుగు మాటలు

డ్యూటీ మొదలయ్యేసరికి బండిలో ఒక్కో మందు ఎన్ని ఉండి తీరాలో చెప్పే సంఖ్యను పార్ లెవెల్ అంటారు. పార్ 10 అంటే, మూడు వాడిన బండి మూడు తెచ్చుకునేదాకా లోటుతో తిరుగుతున్నట్టు. స్టోర్‌లో నిల్వ ఎక్కడికి దిగితే కొత్త ఆర్డర్ పెట్టాలో చెప్పేది రీఆర్డర్ స్థాయి. మూడోది ఎఫ్ఈఎఫ్ఓ, అంటే గడువు ముందుగా ముగిసేదాన్ని ముందుగా వాడటం. ముందు వచ్చింది ముందు వాడటం దీనికి దగ్గరిదే గానీ ఒకటి కాదు. నిన్న వచ్చిన సరుకు మీద గడువు ఆరు నెలలే ఉండి, పోయిన నెల వచ్చినదాని మీద ఏడాది ఉండొచ్చు. వచ్చిన వరుసలో వాడుకుంటూ పోతే కొత్త సరుకు వెనక అరలోనే మురిగిపోతుంది. నాలుగోది బ్యాచ్ నంబర్, అంటే ఒకే విడతలో తయారైన సరుకుకు వేసే గుర్తు. తయారీదారు ఏదైనా లోపం వల్ల సరుకును వెనక్కి పిలిచినప్పుడు తప్ప దాని విలువ తెలియదు.

గడువు తేదీ దగ్గర ఒక చిన్న సందేహం తరచూ వస్తుంది. లేబుల్ మీద నెల, ఏడాది మాత్రమే ఉంటే ఆ నెల చివరి రోజు దాకా గడువు ఉన్నట్టే. 06/2026 అని ఉంటే జూన్ 30 వరకు వాడొచ్చు. జూన్ 1నే తీసేసే విభాగాలు ఉన్నాయి. అది వాళ్ల జాగ్రత్త.

బండికి ఒక లెక్క, స్టోర్‌కు ఇంకో లెక్క

గుండె ఆగిన పెద్దవాళ్లకు అడ్రినలిన్ 1 మి.గ్రా. చొప్పున 3 నుంచి 5 నిమిషాలకోసారి ఇస్తారు. ఒక యాంప్యూల్‌లో ఉండేది ఆ 1 మి.గ్రా.నే. 20 బండ్లున్న విభాగం ఏడాదికి 1,200 యాంప్యూళ్లు వాడుతోందనుకుందాం. మొత్తమ్మీద రోజుకు 3.3. బండికి పంచితే రోజుకు 0.16, అంటే ఆరు రోజులకు ఒక యాంప్యూల్. ఈ సగటును చూసిన ఎవరికైనా బండికి రెండు యాంప్యూళ్లు చాలు, వారానికోసారి నింపుకుంటే సరిపోతుంది అనిపిస్తుంది.

కానీ అడ్రినలిన్ రోజుకింత అని కరిగే మందు కాదు. కేసుకు ఎనిమిది వాడతారనుకుంటే, 1,200 యాంప్యూళ్లు 150 కేసుల ఖర్చు. అంటే బండికి ఏడాదికి ఏడెనిమిది కేసులు. దాదాపు యాభై రోజులు ఎవరూ ముట్టుకోరు, ఆ తర్వాత ఒక్క కేసులోనే పెట్టె ఖాళీ అవుతుంది. 40 నిమిషాల పాటు ప్రయత్నం సాగి, నాలుగు నిమిషాలకొకటి ఇస్తే 11 కావాలి. మూడు నిమిషాలకొకటి అయితే 14. కాబట్టి బండి పార్ లెవెల్‌ను తేల్చాల్సింది సగటు వాడకం కాదు, ఒక్క కేసు ఎంత పెద్దది కాగలదన్న ప్రశ్న.

ఎంత పెద్ద కేసుకు సిద్ధపడాలన్న దగ్గర అభిప్రాయాలు వేరవుతాయి. రెండో బండి పది నిమిషాల్లో చేరుకునే చోట 10 చాలంటారు, ఎందుకంటే ఆ బండి తన పది తనతో తెస్తుంది. రెండో బండికి గంట పట్టే చోట 14 కూడా తక్కువే కావొచ్చు. అన్ని బండ్లకూ ఒకే పార్ పెట్టాలనే వాదనకూ బలం ఉంది. ఒక బండి నుంచి ఇంకో బండికి మారిన సిబ్బంది చీకట్లో చెయ్యి పెట్టినా ఏ అరలో ఎన్ని ఉంటాయో తెలుస్తుంది. అందుకే చాలాచోట్ల అరలు, అమరిక ఒకేలా ఉంచి సంఖ్యను మాత్రం కేంద్రాన్ని బట్టి మారుస్తారు.

స్టోర్ దగ్గరికి వచ్చేసరికి సగటు పనికొస్తుంది. ఇరవై బండ్ల ఎగుడుదిగుళ్లు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. ఆర్డర్ పెట్టాక సరుకు రావడానికి 21 రోజులు పడితే, ఆ లోపు 3.3 × 21 = 69 యాంప్యూళ్లు ఖర్చవుతాయి. సరఫరా ఇంకో పది రోజులు ఆలస్యమైతే మరో 33. రెండూ కలిపి 102. స్టోర్ నిల్వ అక్కడికి దిగగానే ఆర్డర్ వెళ్లిపోవాలి. బండ్లలో ఉన్న 200ను ఈ లెక్కలో కలపకూడదు. ‘మొత్తం 260 ఉన్నాయి కదా, తొందరేముంది’ అని ఆర్డర్ ఆపిన చోటే కొరత మొదలవుతుంది. ఆ 260లో పంచడానికి చేతిలో ఉన్నవి అరవయ్యే.

ఇంకో పొరపాటు ధరను బట్టి నిఘా పెట్టడం. ఖరీదైనవాటిని రోజూ లెక్కపెట్టి, చవకైనవాటిని వదిలేస్తారు. అడ్రినలిన్ చవకే. ఆస్పిరిన్ మాత్ర మరీ చవక. అందుకే ఏటా అయ్యే ఖర్చు ప్రకారం చేసే ఏబీసీ వర్గీకరణకు తోడుగా, లేకపోతే ప్రాణం పోయేవి, అవసరమైనవి, ఉంటే మంచివి అని విడదీసే వీఈడీ వర్గీకరణను వాడతారు. మొదటి వర్గంలో ఒక్కటి తగ్గినా బండి కదలకూడదన్న నియమం ధరతో నిమిత్తం లేకుండా పెట్టుకోవాలి.

మూడు నెలల ముందు మార్చడం ఎందుకు చాలదు

గడువుకు మూడు నెలల ముందు నెమ్మది బండ్లలోని, అంటే కేసులు తక్కువ వచ్చే బండ్లలోని మందును తీసి, కేసులు ఎక్కువున్న బండ్లకు మార్చాలన్నది చాలా విభాగాల్లో ఉన్న నియమం. చదవడానికి బాగుంటుంది. ట్రానెక్సామిక్ యాసిడ్‌తో లెక్క వేసి చూద్దాం. రక్తస్రావానికి ఇచ్చే 1 గ్రా. డోసుకు 500 మి.గ్రా. యాంప్యూళ్లు రెండు కావాలి. బండికి రెండు డోసులు, అంటే నాలుగు యాంప్యూళ్లు. 20 బండ్లకు 80. సరుకు చేతికొచ్చేసరికి గడువు 18 నెలలు మిగిలి ఉంది. ఏడాది వాడకం 48 యాంప్యూళ్లు, అందులో 36 హైవే మీదున్న ఐదు బండ్లలోనే.

మిగిలిన 15 బండ్లు ఏడాదికి 12 వాడతాయి, 18 నెలల్లో 18. వాటిలో ఉన్నవి 60. అంటే 42 మిగిలిపోతాయి. హైవే బండ్లు నెలకు మూడు వాడతాయి కాబట్టి, మూడు నెలల ముందు మార్చితే చెల్లేవి తొమ్మిదే. మిగతా 33 పారేయాల్సిందే. మొత్తం 42 చెల్లాలంటే 14 నెలల ముందే మార్చడం మొదలుపెట్టాలి, అంటే సరుకు వచ్చిన నాలుగో నెలలో.

ఇంకాస్త లోతుకు వెళ్తే, బండ్లలో ఉన్నవి 80, 18 నెలల మొత్తం వాడకం 72. ఎంత చాకచక్యంగా తిప్పినా ఎనిమిది వృథా తప్పవు. ఈ మందు విషయంలో మార్పిడి నియమం కంటే పార్ లెవెలే మాట్లాడుతోంది. నెమ్మది బండ్లకు పార్‌ను రెండుకు తగ్గిస్తే 15 × 2 + 5 × 4 = 50. వాడకం 72 కాబట్టి, వేళకు తిప్పితే వృథా దాదాపు లేకుండా చేయొచ్చు. దానికి కట్టే మూల్యం కూడా స్పష్టంగా ఉంది. ఒకే ప్రమాదంలో ఇద్దరికి రక్తం పోతుంటే నెమ్మది బండి ఒక్కరికే డోసు ఇవ్వగలదు. ఇలా పారేసే యాంప్యూళ్లను కొందరు దుబారా అంటారు, కొందరు బీమా కిస్తీ అంటారు. లెక్క చేతిలో ఉంటే ఆ వాదన అంచనాల మీద కాకుండా అంకెల మీద జరుగుతుంది.

లేబుల్ మీద 25 డిగ్రీలు, బండిలో ఎంత?

గడువు తేదీ అనేది ఒక షరతుతో ఇచ్చిన హామీ. చెప్పిన ఉష్ణోగ్రతలో ఉంచితేనే అది వర్తిస్తుంది. గది ఉష్ణోగ్రత మందులకు అమెరికా ఫార్మకోపియా (మందుల ప్రమాణాల గ్రంథం) చెప్పేది 20 నుంచి 25 డిగ్రీలు, అప్పుడప్పుడు 15 నుంచి 30 మధ్య ఊగినా ఫర్వాలేదు. ఎండలో తలుపులు మూసి నిలిపిన బండి లోపల దీన్ని దాటడానికి ఎంతోసేపు పట్టదు.

ఉష్ణోగ్రత రికార్డు చూసి మామూలు సగటు తీయడంలో ఒక మోసం ఉంది. 12 గంటలు 20 డిగ్రీలు, 12 గంటలు 40 డిగ్రీలు ఉన్న పెట్టె సగటు 30. కానీ వేడి పెరిగేకొద్దీ మందు చెడే వేగం ఇంకా జోరుగా పెరుగుతుంది, చల్లని 12 గంటలు ఆ నష్టాన్ని పూడ్చలేవు. దీన్ని లెక్కలోకి తీసుకునేది మీన్ కైనెటిక్ టెంపరేచర్. పై ఉదాహరణకు మామూలుగా వాడే స్థిరాంకంతో అది 34 డిగ్రీలు దాటుతుంది.

అన్ని మందులూ ఒకేలా చెడవు. గుండె నొప్పికి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రల్లోని మందు గాలిలోకి ఆవిరవుతుంది కాబట్టి వాటిని వచ్చిన గాజు సీసాలోనే, మూత బిగించి ఉంచాలి. నాలుగు మాత్రలు ప్లాస్టిక్ కవర్లో వేసి బ్యాగులో పెడితే కొన్నాళ్లకు మిగిలేవి పేరుకే మాత్రలు. అడ్రినలిన్ ఆక్సీకరణ చెందితే గులాబీ రంగుకో గోధుమ రంగుకో తిరుగుతుంది. అయితే రంగు మారకపోయినా బలం తగ్గి ఉండొచ్చు, కాబట్టి స్వచ్ఛంగా కనిపించడం రుజువు కాదు. మెదడు వాపు తగ్గించడానికి ఇచ్చే మానిటాల్‌ది తిరకాసు వ్యవహారం. అది చలికి స్ఫటికాలు కడుతుంది.

ఫ్రిజ్‌లో ఉండాల్సినవి బండెక్కినప్పుడు రెండో గడువు పుడుతుంది. శ్వాసగొట్టం వేసేటప్పుడు కండరాలను సడలించే మందులే చూడండి. వాటిలో రోక్యురోనియం లేబుళ్లలో కొన్ని, ఫ్రిజ్ బయటికి తీశాక 60 రోజుల్లో వాడాలంటాయి. సక్సినైల్‌కోలిన్ మల్టీడోస్ వయల్‌కు (పలు డోసులుండే చిన్న సీసాకు) చాలాకాలంగా ఉన్న సూచన 14 రోజులు. తయారీదారును బట్టి ఇవి మారతాయి, అందుకే చేతిలో ఉన్న పెట్టెలోని కాగితమే ప్రమాణం. జూన్ 10న బయటికి తీసిన 60 రోజుల వయల్ ఆగస్టు 9తో సరి, లేబుల్ మీద వచ్చే ఏడాది మార్చి అని ఉన్నా సరే. ఆ తేదీని వయల్ మీద స్టిక్కర్‌గా అతికించకపోతే తర్వాతి డ్యూటీవాళ్లు అచ్చు తేదీనే చూస్తారు. రెండు వారాలు బండిలో తిరిగినదాన్ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టినంతమాత్రాన గడియారం వెనక్కి తిరగదు.

డ్యూటీ అయ్యాక మందుల బ్యాగును చల్లని గదిలోకి తెచ్చుకోవడం తేలికైన ఉపాయం. దాని ప్రమాదమూ తేలికగానే జరుగుతుంది. కాల్ రాగానే బండి వెళ్తుంది, బ్యాగు గదిలోనే ఉండిపోతుంది. ఇలా చేసే చోట బండి తాళంచెవిని బ్యాగు జిప్పుకే తగిలిస్తారు.

సీలు ఏం చెబుతుంది, ఏం చెప్పదు

ఒక్కో మందునూ తీసి, తేదీ చూసి, లెక్కపెట్టాలంటే డ్యూటీకి అరగంట దాకా పోతుంది. అందుకని మందులు సర్దిన సంచికి, అంటే నిండిన పర్సుకు, నంబరున్న ప్లాస్టిక్ సీలు వేస్తారు. సీలు నంబరు నిన్నటి రిజిస్టర్‌తో కలిస్తే లోపల చూడక్కర్లేదు. లోపలున్నవాటిలో అన్నిటికంటే ముందు ముగిసే గడువును పర్సు బయట రాస్తారు.

ఈ పద్ధతిని సమర్థించేవాళ్లు సమయం మిగులుతుందని, ఊరికే తెరిచి మూయడంలో పగిలే యాంప్యూళ్లు తగ్గుతాయని చెబుతారు. వ్యతిరేకించేవాళ్లు, తెరవని పర్సులో ఏది ఎక్కడుందో చేతులు మరచిపోతాయంటారు. ఇద్దరి మాటలోనూ పస ఉంది. సీలు చెప్పేది ఒక్కటే, వేసినప్పటి నుంచి ఎవరూ తెరవలేదని. వేసేటప్పుడు లోపల అన్నీ ఉన్నాయని చెప్పదు. తరచూ జరిగేది ఇది: కేసులో వాంతులు ఆపే ఒక్క ఒండాన్సెట్రాన్ కోసం సీలు తెంపుతారు, బండిలో పడి ఉన్న కొత్త సీలు తీసి వేసేస్తారు, బయటి తేదీ పాతదే. అప్పటి నుంచి ఆ సీలు అబద్ధానికి సాక్షి. కాబట్టి బండిలో విడి సీళ్లు ఉండకూడదు, తెరిచిన పర్సుకు వేరే రంగు సీలు పడాలి, నిండినట్టు చెప్పే రంగు స్టోర్ చేతిలోనే ఉండాలి.

వాడినవాటిని తిరిగి నింపుకోవడంలోనూ ఇదే తేడా కనిపిస్తుంది. రోగిని దింపిన ఆసుపత్రిలోనే ఒకటికి ఒకటి తీసుకుంటే బండి వెంటనే సిద్ధం, కానీ వేరే బ్రాండు, వేరే బ్యాచ్, ఒక్కోసారి వేరే బలం చేతికొస్తుంది. తెరిచిన పర్సు ఇచ్చి ఫార్మసీ నింపిన పర్సు తెచ్చుకుంటే ప్రతి బ్యాచ్ నమోదై ఉంటుంది. అయితే 20 బండ్లకు ఇరవై పర్సులు సరిపోవు. నింపే దశలో ఉన్నవాటికి, స్టోర్‌లో సిద్ధంగా ఉంచేవాటికి ఇంకో ఐదారు కావాలి, వాటిలోనూ గడువులు నడుస్తుంటాయి.

మత్తు మందుల దగ్గర మిల్లీలీటరు లెక్క

ఫెంటానిల్, మార్ఫిన్ లాంటివాటికి ప్రతి దేశంలోనూ చట్టం వేరు, తాళం వేరు, రిజిస్టర్ వేరు. పని మాత్రం అన్నిచోట్లా ఒకటే: డ్యూటీ మారేటప్పుడు దిగేవాళ్లు, ఎక్కేవాళ్లు ఇద్దరూ కలిసి చూసి సంతకం చేయాలి. 2 మి.లీ. యాంప్యూల్‌లో ఫెంటానిల్ 100 మైక్రోగ్రాములు ఉంటుంది. రోగికి 60 ఇచ్చారు. అంటే 1.2 మి.లీ. వాడకం, మిగిలిన 0.8 మి.లీ., 40 మైక్రోగ్రాములు, రెండో వ్యక్తి కళ్ల ముందు పారబోయాలి. రిజిస్టర్‌లో 60 + 40 = 100 రావాలి, రోగి రికార్డులోనూ అదే 60 ఉండాలి. చాలా తనిఖీలు మొదటి మొత్తం దగ్గరే ఆగిపోతాయి. రిజిస్టర్‌లో అంకెలు ఎప్పుడూ కుదురుతాయి, ఎందుకంటే రాసేది ఒక్కరే. పక్కదారి పట్టేది బయటపడేది రోగి రికార్డుతో పోల్చినప్పుడు.

సాక్షి సంతకం మాటకొస్తే, పారబోసేది చూడకుండా డ్యూటీ చివర్లో ఐదు కేసులకు కలిపి పెట్టే సంతకం సంతకమే కాదు. వయల్ మూత వదులుగా ఉండటం, పెట్టె జిగురు తేడాగా ఉండటం, ద్రవం మట్టం పక్కదానితో పోలిస్తే ఎక్కువో తక్కువో ఉండటం గమనించాల్సినవి. మందు తీసి సెలైన్ నింపి పెడితే లెక్క తప్పదు, నొప్పి మాత్రం తగ్గదు. ఒకే వ్యక్తి డ్యూటీలో ‘జారి పగిలింది’ అన్న నమోదులు మిగతావాళ్లకంటే బాగా ఎక్కువుంటే అది ప్రశ్న అడగడానికి కారణం, శిక్షకు కాదు. నిజంగానే అరలో నురుగు పొర లేక యాంప్యూళ్లు పగిలే బండ్లు ఉంటాయి.

కొరత వచ్చినప్పుడు పుట్టే కొత్త పొరపాట్లు

2024 సెప్టెంబరులో హెలీన్ తుపాను వరదకు నార్త్ కరోలినాలోని ఒక్క ఫ్యాక్టరీ ఆగిపోయింది. అమెరికా వాడే సెలైన్ లాంటి ఐవీ ద్రవాల్లో దాదాపు 60 శాతం అక్కడివే. ఇలాంటప్పుడు స్టోర్ దొరికిందే కొంటుంది, బండిలో పాత అలవాటు కొనసాగుతుంది. చిక్కు అక్కడే.

గ్లూకోజ్ తీసుకోండి. 50 శాతం ద్రవం 50 మి.లీ., 25 శాతం ద్రవం 100 మి.లీ., 10 శాతం ద్రవం 250 మి.లీ., మూడింటిలోనూ ఉన్నది 25 గ్రాములే. చక్కెర సమానం, పట్టే చోటు సమానం కాదు. సిరంజి పట్టే చోట సీసా పట్టదు, దానికి ఐవీ సెట్టు కూడా కావాలి. మార్పిడి ఆర్డర్ పెట్టినవాళ్లు సెట్ల పార్ పెంచడం మరిచిపోతే పది రోజుల్లో సెట్ల కొరత మొదలవుతుంది.

అడ్రినలిన్‌తో ప్రమాదం ఇంకా పెద్దది. 10 మి.లీ.లో 1 మి.గ్రా. ఉన్న నింపిన సిరంజిలు దొరక్కపోతే 1 మి.లీ.లో 1 మి.గ్రా. ఉన్న యాంప్యూళ్లు వస్తాయి. గాఢత పది రెట్లు. యాంప్యూల్ గాఢతను 1:1000 అని, సిరంజి గాఢతను 1:10,000 అని నిష్పత్తుల్లో రాసే పాత అలవాటు ఒత్తిడిలో ఒక సున్నాను కంటికి ఆననివ్వదు. ఆ రాత వల్ల జరిగే తప్పుల కారణంగానే అమెరికాలో 2016 నుంచి అడ్రినలిన్ లేబుళ్ల మీద నిష్పత్తులు తీసేశారు. జాగ్రత్తపడే విభాగాలు యాంప్యూల్, 10 మి.లీ. సిరంజి, 9 మి.లీ. సెలైన్, కలిపాక అతికించాల్సిన లేబుల్, అన్నీ ఒకే కవర్లో కట్టి బండికి పంపుతాయి.

గడువు దాటినది వాడొచ్చా అన్న ప్రశ్న కొరతలోనే గట్టిగా వినిపిస్తుంది. వాడొచ్చనేవాళ్ల చేతిలో బలమైన ఆధారం ఉంది. అమెరికా సైనిక నిల్వల కోసం 1986లో మొదలైన గడువు పొడిగింపు కార్యక్రమంలో 122 మందుల 3,005 బ్యాచ్‌లను పరీక్షిస్తే, 88 శాతం బ్యాచ్‌లకు కనీసం ఏడాది పొడిగింపు దొరికిందని 2006లో ప్రచురించారు. కొరతల్లో కొన్ని అత్యవసర ఇంజెక్షన్ల నిర్దిష్ట బ్యాచ్‌లకు ఆ దేశ నియంత్రణ సంస్థ గడువు పెంచిన సందర్భాలూ ఉన్నాయి. వద్దనేవాళ్ల జవాబూ గట్టిదే. ఆ బ్యాచ్‌లు పెట్టె తెరవకుండా, ఉష్ణోగ్రత అదుపులో ఉన్న గోదాముల్లో ఉన్నవి. మూడు వేసవులు బండిలో తిరిగిన యాంప్యూల్ గురించి ఆ పరీక్ష ఏమీ చెప్పదు. అదీగాక ఒకే మందులో బ్యాచ్‌కు బ్యాచ్‌కు తేడా వచ్చింది. అందుకే నియంత్రణ సంస్థ పొడిగింపు ఇచ్చిన బ్యాచ్‌ను వాడటం వేరు, బండిలో ఉన్నవాళ్లు సొంతంగా నిర్ణయించుకోవడం వేరు. మొదటి పని చేయాలన్నా బ్యాచ్ నంబర్ రాసుకుని ఉండాలి.

లెక్క తేడా వచ్చినప్పుడు వెతకాల్సిన చోటు

నెలాఖరున ఒక సమీకరణం కుదరాలి: మొదటి నిల్వ, వచ్చినది కలిపితే, వాడినది, గడువు దాటినది, పగిలినది, ఇప్పుడున్నది అన్నిటి మొత్తానికి సమానం కావాలి. ఉదాహరణకు అడ్రినలిన్ మొదటి నిల్వ 260, వచ్చినవి 100, మొత్తం 360. రోగి రికార్డుల ప్రకారం వాడినవి 96, గడువు దాటినవి 8, పగిలినవి 3, లెక్కపెడితే ఉన్నవి 241. కూడితే 348. పన్నెండు కనబడవు.

అడ్రినలిన్‌ను ఎవరూ దొంగిలించరు. సాధారణంగా కారణాలు రెండు. గుండె ఆగిన కేసులో ఎన్ని ఇచ్చారో హడావుడిలో రికార్డుకెక్కక, నాలుగు అని రాసిన చోట ఆరు వాడి ఉంటారు. రెండోది సిబ్బంది సొంత నిల్వ. ఒకసారి మందు చాలక ఇబ్బందిపడ్డ జట్టు ఆ తర్వాత రెండు ఎక్కువ అడిగి, సీటు కిందో, డ్యాష్‌బోర్డు అరలోనో దాచుకుంటుంది. అది బండిలో అన్నిటికంటే వేడిగా ఉండే చోటు. ఆ యాంప్యూళ్లు పార్‌లో లేవు, సీలు కింద లేవు, గడువు జాబితాలో లేవు. వెతికి లాక్కుంటే దాచే చోటు మారుతుంది. వాడిన గంటలోపే నింపి ఇస్తారన్న నమ్మకం కుదిరిన కేంద్రాల్లోనే దాచుడు తగ్గుతుంది.

బ్యాచ్‌ను వెనక్కి పిలిచిన రోజున కూడా ఇవే తేలవు. స్టోర్ కంప్యూటర్ ఆ బ్యాచ్ 40 యాంప్యూళ్లు ఏయే పర్సుల్లోకి వెళ్లాయో చెబుతుంది, సాయంత్రానికి 37 తిరిగొస్తాయి. మిగిలిన మూడింటి కోసం ఇరవై బండ్ల సీట్లూ ఎత్తి చూడాలి.